ఎఱ్ఱరంగు వచ్చినది, బిళ్ళ రాలేదు

గోదావరి డెల్టాలో మనుష్యులు దేనివలన మరణించుచున్నారు అను ప్రశ్న వినుటకు మిక్కిలి సులభముగా తోచును. కాని ఇంటివద్ద కన్నుమూసిన వారికి మరణకారణమును వైద్యుడు వ్రాసియిచ్చు ఆచారము మన పల్లెలలో స్థిరపడినది కాదు గనుక, పంచాయతీ పుస్తకములో పేరును తేదీయు ఎక్కి, కారణమన్నచోట పెద్దతనమనియో, జ్వరమనియో, ఉన్నట్టుండి పోయినాడనియో ఏదో యొక మాటతో పని గడచిపోవుచు వచ్చినది. ఆ మాటల వెనుక నున్న వ్యాధి ఏదో తెలిసికొనదలచి, 2003-04 ప్రాంతమున ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, 1,80,162 మంది జనాభాలో, ఒక్క సంవత్సరకాలమున సంభవించిన మరణముల నన్నిటిని ఇంటింటికి పోయి విచారించిన యొక ప్రయత్నము జరిగినది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దాని పేరు. పల్లెలలో సేవాకార్యములు నడుపుచుండిన బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాలో పుట్టి హైదరాబాదునను శాఖ గల జార్జ్ ఇన్‌స్టిట్యూట్ మొదలగు సంస్థలు కలిసి దానిని సాగించినవి.

విచారణ చేసినవారు వైద్యులు కారు; శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్యకార్యకర్తలు. చావు జరిగిన ఇంటికి పోయి, అరుగుమీద కూర్చుండి, ఛాతీలో నొప్పి వచ్చినదా, వచ్చినచో ఎంతసేపు నిలిచినది, మూతి వంకరపోయినదా, ఏ చేయి పడిపోయినది, దగ్గు ఎన్ని వారముల నుండి యుండెను అని ఒక్కొక్క ప్రశ్నయే అడిగి, చెప్పినది చెప్పినట్లు కాగితముమీద నింపుకొని వచ్చుట వారి పని. ఆ కాగితములను చదివి కారణము నిర్ణయించుట వైద్యుల పని. 2006లో ఫలితము ప్రకటింపబడినపుడు, లెక్కకు వచ్చిన 1,354 మరణములలో నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలన కలిగినవని తేలినది. వానిలో గుండెపోటు పాలెంతయో పక్షవాతపు పాలును ఇంచుమించుగా అంతయే. దెబ్బలు, ప్రమాదములు, ఆత్మహత్యలు కలిసి నూటికి 13. అంటువ్యాధు లన్నియు చేరి నూటికి 12 మాత్రమే. కలరా, మశూచి, మలేరియా అని తాతలనాటి నుండి భయపడుచు, ఆ భయమునకు తగినట్లే ఆరోగ్యకేంద్రములు కట్టుకొని, టీకాలకును కాన్పులకును సిబ్బందిని అమర్చుకొనిన మనకు, మృత్యువు ఎప్పుడో వేషము మార్చుకొని బీపీ, షుగరు అను రెండు మాటలలో ఇంట చేరినదని చెప్పిన మొదటి గట్టి లెక్కలలో ఇది యొకటి.

సీమ సంపన్నమైనది గదా, ఇట్లెందుకైనదని అడుగువారుందురు. సంపన్నమగుటయే కొంత కారణము కావచ్చును. 1996-2000 నడుమ ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఆంధ్రదేశపు కంటిజబ్బులను సర్వే చేసినపుడు, కలిగిన పల్లెటూళ్ళకు ప్రతినిధిగా ఎన్నుకొనినది పశ్చిమగోదావరినే. మూడుపూటల వరియన్నము, ఊరగాయ, కొల్లేటి వైపున ఉప్పుచేప, నడకకు బదులు మోటారు సైకిలు: ఈ జాబితాను పొడిగించుట ఎవరికైనను చేతనగును గనుక ఇంతటితో విడిచెదను.

ఇక లెక్క తేలిన పిమ్మట చేయవలసిన దేమి? ఇచ్చటనే మన కథ మొదలగుచున్నది. గుండెజబ్బు, పక్షవాతము పదేండ్ల ముందుగనే ఆనవాళ్ళు చూపు వ్యాధులు. వయస్సు, స్త్రీయో పురుషుడో, పొగత్రాగు అలవాటు, రక్తపు పోటు, చక్కెర అను ఐదు సంగతులు తెలిసినచో, రాబోవు పదేండ్లలో ఆ మనిషికి గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చు అవకాశము నూటికి ఎంతయో లెక్కకట్ట వచ్చును. లెక్క కట్టుట వైద్యునికే తెలియవలెనను నియమము లేదు. పట్టిక చూచుట తెలిసిన ఎవరైనను కట్టగలరు. పల్లెలో వైద్యుడు దుర్లభుడు, పట్టిక సులభము. కావున వైద్యుని వివేకములో విధులుగా వ్రాయదగిన భాగమును వేరుచేసి, దానిని ఊరిలోనే యుండు మనిషి చేతికిచ్చినచో ఎట్లుండునను ఆలోచన సహజముగనే పుట్టినది.

మొదట దానిని కాగితముమీదనే పరీక్షించిరి. ఆ బృందమువారే 44 గ్రామములలో, ఇట్లయినచో ఇది చేయుము, అట్లయినచో వైద్యుని వద్దకు పంపుము అను వరుసలో అచ్చువేసిన విధానపత్రమును ఆరోగ్యకార్యకర్తల కిచ్చి పనిచేయించి, ఆ ఫలితమును 2012లో ప్రకటించిరి. అపాయస్థితిలో నున్నవారిని గుర్తించుట ఆ పత్రమున్న గ్రామములలో మెఱుగైనది. గుర్తింపబడినవారు మందులు వాడుట మాత్రము చెప్పుకోదగినంతగా పెరుగలేదు. దీనితోపాటు వేరుగా నడపిన ఆరోగ్య ప్రచారము ప్రజల తెలివిడిలో కనిపెట్టదగిన మార్పేమియు తేలేదు. గోడలమీద వ్రాతలకును మైకులకును డబ్బు ఖర్చుచేయు శాఖలవారు ఈ వాక్యమును ఒకమారు ఆగి చదువవలెను. ఏమైనను, గుర్తుపట్టుట వేరు, వైద్యము జరుగుట వేరు అని ఈ సీమ మొదటిసారి చెప్పిన సమాధానము ఇది.

తరువాత కాగితము పోయి పలక వచ్చినది. స్మార్ట్‌హెల్త్ ఇండియా అను పేర, దేవరశెట్టి ప్రవీణ్, డేవిడ్ పైరిస్, అనుష్కా పటేల్ మున్నగువారు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఇంజనీర్ల తోడ్పాటుతో ఆండ్రాయిడ్ టాబ్లెట్టుపై పనిచేయు నిర్ణయసహాయక సాధనము నొకదానిని రూపొందించి, ముందు 11 గ్రామములలో చిన్నయెత్తున పరీక్షించి, 2014లో ఆ వివరములను ప్రకటించిరి. తరువాత ఏలూరు కేంద్రముగా నుండిన నాటి పశ్చిమగోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను, వాని క్రింది 54 గ్రామములను తీసికొని పెద్దపరీక్షకు పూనుకొనిరి.

సాధనము పనిచేయు విధము చూడదగినది. ఆశా కార్యకర్త సంచిలో టాబ్లెట్టును, బీపీ మిషనును, వ్రేలికొన గ్రుచ్చి చక్కెర చూచు చిన్నపరికరమును పెట్టుకొని నలువదేండ్లు దాటినవారి ఇండ్లకు పోవును. పేరు, వయస్సు నమోదైన తరువాత తెర యొక్కొక్క ప్రశ్నయే తెలుగులో అడుగును. ఇంతకుముందు గుండెపోటు వచ్చినదా? పక్షవాతము వచ్చినదా? పొగ త్రాగుదురా? ఈ మూడవ ప్రశ్న దగ్గర, రొంటిని చుట్ట పెట్టుకొనిన ముసలమ్మలు సైతము లేదనుట కలదు. ఊరిమనిషి గనుక ఆశాకు నిజము తెలియును, తెరకు తెలియదు. పిమ్మట మనిషిని కొంచెముసేపు కుదురుగా కూర్చుండబెట్టి, దండచేతికి పట్టీ చుట్టి, ఒకటికి రెండుమార్లు పోటు చూడవలెను. అప్పటి మాటలు ఏ వీధియరుగుమీదనైనను ఇంచుమించుగా ఇట్లే యుండును.

"మామ్మగారూ, చెయ్యి ఇలా ఒళ్ళో పెట్టుకోండి. మాటాడకండి. పట్టీ బిగుస్తుందండి, భయపడకండేం."

"బిగిస్తే బిగిసింది గానీ అమ్మాయ్, నా బీపీ బిళ్ళలు తెచ్చావా, లేదా?"

"బిళ్ళలు ఆసుపత్రిలో ఇస్తారండి. నేను చీటీ రాసిస్తాను."

"చీటీ మింగమంటావా?"

అంకెలన్నియు చేరిన తరువాత టాబ్లెట్టు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పట్టిక ననుసరించి లెక్కకట్టి రంగు చూపును. మునుపే గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చినవారు, పైపోటు 160 గాని క్రిందిపోటు 100 గాని దాటినవారు, పదేండ్లలో అపాయము నూటికి 30 గాని అంతకుమించిగాని యున్నవారు, అది 20కిని 30కిని నడుమనుండి పైపోటు 140 దాటినవారు: వీరందఱు ఎఱ్ఱరంగువారు. వీరి వివరములు తీగ లేకుండ ఆరోగ్యకేంద్రపు వైద్యుని టాబ్లెట్టుకు చేరును. రోగి వచ్చి ఎదుట కూర్చుండునప్పటికి, ఇతనికి పోటు తగ్గించు మందు, కొవ్వును తగ్గించు స్టాటిన్, అవసరమైనచో ఆస్పిరిన్ ఇయ్యదగునని తెర సూచించును. వైద్యుడు వ్రాసినది మరల ఆశా టాబ్లెట్టుకు వచ్చి, ఫలానావారిని మరల చూడుమని గుర్తుచేయును. ఇందులో మాయయేమియు లేదు. నిపుణులు ఏకీభవించి వ్రాసిన మార్గదర్శక సూత్రములను రోగి అంకెలతో జోడించి, మరవకుండ, అలయకుండ, మొగమాటపడకుండ చెప్పుటయే యంత్రము చేసిన పని.

ఈ జాతి యంత్రములకు పూర్వచరిత్ర కలదు. 1972లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణమున డి డోంబల్ అను వైద్యుడును, అతని సహచరులును కడుపునొప్పితో వచ్చిన 304 మంది రోగుల లక్షణములను కంప్యూటరున కిచ్చి చూడగా, దాని నిర్ణయము నూటికి 91.8 మందిలో సరిపోయినది. అనుభవశాలియగు పెద్దవైద్యుని నిర్ణయము 79.6 మందిలో మాత్రమే. ఆ వార్త విని యంత్రవైద్యయుగము వచ్చినదని సంబరపడినవారికి, అదే కార్యక్రమమును కోపెన్‌హేగనుకు తీసికొనిపోయినపుడు దాని నైపుణ్యము బాగుగా దిగజారిన సంగతి చేదుమాత్ర యైనది. రోగి తన నొప్పిని చెప్పుకొను తీరు, వైద్యుడు దానిని వ్రాసికొను తీరు, ఆ ప్రాంతమున ఏ జబ్బు ఎంత సాధారణమను లెక్క, ఇవన్నియు ఊరితో మారును గదా! గుండెజబ్బు అపాయపు లెక్కలకు మూలస్థానము 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అను చిన్నపట్టణమున 5,209 మంది నివాసులపై మొదలైన పరిశీలన. ఆ ఊరి తెల్లవారి గుండెలనుబట్టి కట్టిన సూత్రము కొల్లేటి వడ్డెల గుండెకు ఎంతవరకు వర్తించునని అడుగుట సహేతుకమే. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు పలుదేశముల లెక్కలను చేర్చి ప్రాంతములవారీగా పట్టికలు సవరించుచు, 2019లో దక్షిణాసియాకు వేరుపట్టిక నిచ్చిరి. ఐనను 45 గ్రామముల చావులను అరుగులమీద కూర్చుండి వ్రాసికొనిన యా విచారణవంటిది పదేండ్ల కొకసారి మన జిల్లాలలోనే జరుగుచుండినచో, పట్టికకు మన అంకెలే ఆధారమగును. ఇది ఖర్చుతో కూడినదనుట నిజము. టాబ్లెట్ల ఖర్చుతో పోల్చి చూచుకొనవలెను.

పెద్దపరీక్ష సంగతికి వత్తము. 18 ఆరోగ్యకేంద్రములకు ఒక్కసారిగా సాధనము నీయక, చీట్లు వేసినట్లు వంతులు నిర్ణయించి, విడతలవారీగా ఇచ్చుచు, సాధనము రాకపూర్వపు కాలమును వచ్చిన తరువాతి కాలముతో పోల్చి చూచిరి. ఇది నిజాయితీగల పద్ధతి. కొందరి కిచ్చి కొందరికి లేకుండ చేసిన పాపము లేదు. కాలముతోపాటు తమంత తామే వచ్చు మార్పులను సాధనపు ఖాతాలో వ్రాసికొను మోసమును లేదు. నలువదేండ్లు దాటినవారు 62 వేలమందికి పైగా లెక్కలోనికి వచ్చిరి. ఊరిలో పదవతరగతి చదువుకొని, కాన్పులకు తోడుపోవుటయు పసిబిడ్డల టీకాలు చూచుకొనుటయు వృత్తిగా నున్న స్త్రీలు ఇందరి అపాయమును లెక్కకట్టగలిగిరనుట సామాన్యవిషయము కాదు. చదువుకొనిన మనము ఆ స్త్రీల చేతికి యంత్రమిచ్చుటకు సందేహించితిమి గాని, యంత్రమును పట్టుకొనుటకు వారు సందేహింపలేదు.

2019లో ప్రకటితమైన ఫలితము మాత్రము చప్పనిది. అపాయస్థితిలోనున్న వారిలో రక్తపుపోటు హద్దులోనికి వచ్చినవారు సాధనము లేని కాలమున నూటికి నలువదికి అటునిటుగా నుండిరి. సాధనమున్న కాలమునను నూటికి నలువదికి అటునిటుగానే యుండిరి. చెప్పదగిన భేదము లేదు. 2012లో కాగితము చెప్పిన సమాధానమునే 2019లో పలక మరల చెప్పినది. పరిశోధకులు దీనిని దాచక ప్రకటించుట వారి గౌరవమునకు తగియున్నది; ప్రతి కొత్త యాప్‌నకును ప్రారంభోత్సవమే గాని పరీక్ష లేని మన కాలములో ఇట్టి చప్పని ఫలితమొకటి నూరు శిలాఫలకములకంటె విలువైనది.

ఎందుకిట్లైనది? ఎఱ్ఱరంగు చూచిన మనిషి అరుగు దిగి నడువవలసిన దారి పొడవు తెరమీద కనబడదు. వ్యవసాయపు కూలి మనిషి ఒకపూట కూలి పోగొట్టుకొని, ఆటోకు డబ్బిచ్చి, ఆరోగ్యకేంద్రమునకు పోవును. పల్లె ఆరోగ్యకేంద్రములలో వైద్యుని కుర్చీ అప్పుడప్పుడు ఖాళీగా నుండుట మన మెఱుగనిది కాదు. బదిలీయో, పై చదువుకు సెలవో, జిల్లా సమావేశమో ఏదో యొకటి యుండును. వైద్యుడున్ననాడు మందు ఉండదు. లేక పదిరోజులకు సరిపోవు బిళ్ళలిచ్చి మరల రమ్మందురు. రెండవసారి అదియే కూలి, అదియే ఆటో. మూడవసారి ఎవరును పోరు. ఇది చేతకాని వారు వీధిచివరి ఆర్‌ఎంపీ వద్దకు పోయి సూది వేయించుకొందురు. కొంచెము చేతనైనవారు బస్సెక్కి తాడేపల్లిగూడెముననో ఏలూరుననో ప్రైవేటు ఆసుపత్రి చేరి, అచ్చట నెలకు సరిపోవు మందు కొనుక్కొని, నెల తిరిగిన పిమ్మట "ఇప్పుడు బాగానే ఉంది గదండి" అని మానివేయుదురు. బీపీ యనునది నొప్పిలేని జబ్బు గనుక, బాగుండుట యన్నది దానిని గురించి ఏమియు చెప్పదు. ఈ చిక్కులలో ఒక్కదానికైనను టాబ్లెట్టులో ఔషధము లేదు. నిర్ణయము తీసికొనుటకు తోడ్పడు సాధనము నిర్ణయమును మాత్రమే తేలికచేయును. అక్కడ కష్టము నిర్ణయములో లేనప్పుడు దాని తోడ్పాటు ఎంత చక్కనిదైనను పక్కదారి పట్టును.

వైద్యుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. ఉదయము ఓపీలో వందకు తగ్గని జనము వరుసకట్టి యుండగా, ఒక్కొక్కరికి రెండు నిమిషములైన దొరకని చోట, టాబ్లెట్టు తెరచి సూచన చదివి, దానితో ఏకీభవించి, మరల అందులో నమోదుచేయు ఓపిక ఎందరికుండును? యంత్రము చెప్పినదానిని వైద్యుడు త్రోసిపుచ్చుట అహంకారమని పట్టణములలో కూర్చుండి వ్రాయువారిని చూచితిని. వారిని ఒక్క సోమవారము ఆ కుర్చీలో కూర్చుండబెట్టవలెను.

దీనికి పొరుగుననే సాటియైన కథ యొకటి కలదు. 2017 నవంబరులో భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము ఐదు రాష్ట్రములలో మొదలైనది. వానిలో తెలంగాణ యొకటి. అందులో సింపుల్ అను పేరుగల యాప్ కూడ నున్నది. పేరునకు తగినట్లు అది చేయు నిర్ణయము బహు స్వల్పము. నర్సు రోగి కార్డుమీది గడులగుర్తును స్కాన్‌చేసి, పోటు ఎంత, ఏ బిళ్ళ ఇచ్చితిమి, మరల ఎప్పుడు రావలెను అని వ్రాయును. రావలసిన తేదీకి రానివారి జాబితా నది చూపును, నర్సు ఫోను చేయును. అంతే. కాని ఆ యాప్‌నకు వెనుక, రాష్ట్రమంతటికిని ఒక్కటే మందుల వరుస, ఏ మోతాదు తరువాత ఏ మోతాదను స్పష్టత, అంచనా ప్రకారము ముందుగనే కొని నిలువచేసిన బిళ్ళలు, ఒక్కసారికి నెలరోజుల సరఫరా అను నాలుగు కాళ్ళను ముందు నిలువబెట్టిరి. ఆ రాష్ట్రములలో చేరిన రోగులలో పోటు అదుపునకు వచ్చినవారి పాలు చెప్పుకోదగినట్లు పెరిగినది. 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారమును వచ్చినది. తెలివిగల యంత్రము మందులేనిచోట సాధింపలేనిదానిని, తెలివితక్కువ యంత్రము మందున్నచోట సాధించినది. పాఠము బిళ్ళది గాని యంత్రముది కాదని నా యభిప్రాయము, ఇంజనీర్లు ఒప్పుకొనకపోవచ్చును.

యంత్రమునకు ఇంకొక హద్దు గలదు. దానిని ఏలూరు పట్టణము 2020 డిసెంబరులో చూచినది. 5వ తేదీ శనివారమునుండి దక్షిణపు వీధి, పడమర వీధి ప్రాంతములవారు ఉన్నట్టుండి పడిపోయి, మూడునాలుగు నిమిషములు మూర్ఛ వచ్చి, నోట నురుగుతో ప్రభుత్వాసుపత్రికి చేరసాగిరి. పిల్లలు, పెద్దలు, స్త్రీలు, పురుషులు, ఎవరనిలేదు; ఒక ఇంట ఒకరికి వచ్చి తక్కినవారికి రాకుండుటయు కద్దు. కొన్నిదినములలో సుమారు 600 మంది ఆసుపత్రిపాలైరి. అధికసంఖ్యాకులు కొద్దిగంటలలోనే లేచి కూర్చుండిరి. స్కానింగులు చూచిరి, వెన్నునీరు చూచిరి, వైరసుల పరీక్షలు చేసిరి, అన్నియు బాగుగనే యుండెను. కరోనా కాలపు ఆ దినములలో ప్రతివాని జేబులో ఆరోగ్యసేతు యాప్ ఉండెను, ప్రతి కార్యాలయమున డ్యాష్‌బోర్డు ఉండెను; అవేవియు ఈ జబ్బు పేరెఱుగవు. రోగుల రక్తమున సీసము, నికెల్ ఉన్నవని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పినది. తరువాత పురుగుమందుల అవశేషములే మూలమై యుండునని నిపుణులు మొగ్గిరి. అవి ఏ మార్గమున అందఱి శరీరములలో చేరినవో నిశ్చయముగా తేలలేదు.

ఆ వారమున పనిచేసిన దేమనగా, నర్సుల చేతిలోని నోటుపుస్తకము, ఇంటింటి సర్వే, నీళ్ళ సీసాలు, కూరగాయల నమూనాలు, "నిన్న ఏం తిన్నారండి, నీళ్ళు ఎక్కడివండి" అను ప్రశ్న. నిర్ణయసహాయక సాధనము పూర్వము చూచినదానిని మాత్రమే మరల గుర్తింపగలదు. ముందెన్నడును చూడనిదాని నెదుర్కొన్న దినమున మనుష్యుని కుతూహలమే దిక్కు. పోలవరపు కాలువ, కృష్ణా కాలువ, కొల్లేటి చేపలచెరువుల మందులు, పొలముల పురుగుమందులు అన్నియు కలిసిన నీటిసీమలో ఇట్టి దినము మరల రాదని ఎవరును హామీ ఇయ్యలేరు.

ఇంతమాత్రమున పలకను విసరివేయవలెనని కాదు. దానికి న్యాయము చేయు కథయు ఈ జిల్లాదే. అదే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు, పల్లవ్ మౌలిక్ నాయకత్వమున, అదే పద్ధతిని మనోవ్యాధులకు త్రిప్పిరి. ముందు జిల్లాలోని గిరిజన గ్రామములలో, ఆశా కార్యకర్తలు దిగులు, ఆందోళన, ఆత్మహత్య తలంపులను గురించిన ప్రశ్నలు టాబ్లెట్టుపై అడిగి, అవసరమైనవారిని వైద్యుని వద్దకు పంపిరి. దానికి ముందు ఊరిలో నాటకములు వేయించి, ఇది దయ్యము కాదు, శాపము కాదు, చికిత్స గల జబ్బని చెప్పించిరి. అంతకుముందు గుర్తింపబడినవారిలో వైద్యసేవ పొందినవారు నూటికి 0.8, ఆ తరువాత 12.6. పిమ్మట పశ్చిమగోదావరితోపాటు హర్యానాలోని ఫరీదాబాదు, పల్వల్ జిల్లాలను చేర్చి, 44 ఆరోగ్యకేంద్రముల పరిధిలో చేసిన పెద్దపరీక్ష ఫలితము 2024లో వచ్చినది: ఒక సంవత్సరము తరువాత దిగులు తీవ్రత, సాధనమున్నచోట తక్కువ.

ఒకే జిల్లా, ఒకే తరహా టాబ్లెట్టు, అదే ఆశా. బీపీ దగ్గర ఓడి దిగులు దగ్గర గెలిచిన దేల? పరిశోధకులు దీనికి వారి కారణములు చెప్పుదురు. నాకు తోచినది చెప్పెదను. బీపీకి మందు బిళ్ళ, అది ఊరిబయట నున్నది. దిగులుకు మందులో సగము, వారమున కొకసారి తలుపుతట్టి "ఎలా ఉన్నావమ్మా, నిద్ర పట్టిందా" అని అడుగు మనిషి. ఆ మనిషిని టాబ్లెట్టు తేదీ చెప్పి పంపుచున్నది. అనగా అచ్చట సాధనము గుర్తుచేసిన పనియే చికిత్సలో భాగము. ఈ రెండు పరీక్షలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి, ఏ జబ్బుకు యంత్రము తగును, దేనికి తగదు అను వివేచన పాఠ్యపుస్తకములకంటె బాగుగ బోధపడును.

2022 ఏప్రిలు 4న పాత పశ్చిమగోదావరి చీలినది. ఏలూరు తనపేర జిల్లాయై, కృష్ణాజిల్లానుండి కైకలూరు, మండవల్లి ప్రాంతములను తెచ్చుకొని, కొల్లేటిలో చాలభాగమును తనలో చేర్చుకొనినది. తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రమైన కొత్త పశ్చిమగోదావరిలో నిలిచినది. ఇప్పుడు ముప్పదియేండ్లు దాటిన ప్రతివారిని బీపీకి, షుగరుకు, కొన్ని క్యాన్సర్లకు పరీక్షింపవలెనని జాతీయకార్యక్రమము. ఆశా ప్రశ్నాపత్రము నింపి మార్కులు వేయును, 4 దాటినవారు ముందుగా పరీక్షింపదగినవారు. ఆయుష్మాన్ ఖాతా, రాష్ట్రపు యాప్, కేంద్రపు యాప్, గర్భిణుల యాప్, టీకాల యాప్: ఒకే మనిషి పేరును ఒకే ఆశా ఇన్నిచోట్ల ఎక్కించుచున్నది. పరీక్ష జరిగినవారెందఱను అంకె ప్రతిదినము జిల్లాకేంద్రమునకు చేరును. మూడునెలలు వరుసగా బిళ్ళ మింగినవారెందఱను అంకె కొఱకు ఎవరును ఉదయమే ఫోనుచేసి అడుగరు.

కొల్లేటి లంకలలో దీనికి మరియొక చిక్కు. ఆశా పదిగంటలకు ఇంటికి వచ్చునప్పటికి మగవారు చెరువులమీద నుందురు. రాత్రి కాపలావారు గట్టుమీది పాకలలోనే పండుకొందురు. అపాయస్థితి ఎవరికి ఎక్కువయో వారు లేని ఇంటిలో, లేనివారి గురించి, ఉన్నవారు సమాధానము చెప్పుదురు. చేయి చాపువారు లేనిచో పట్టీ చుట్టుట యెవరికి? బీపీ మిషను చెరువుగట్టుమీదికి సాయంకాలము పోవలెను గాని ఇంటికి పగలు కాదు. ఇక వానకాలము వచ్చెనా, బుడమేరు, తమ్మిలేరు కలిసి కొల్లేటిని నింపును. ఉప్పుటేరు ఒక్కటియే అంత నీటిని సముద్రమునకు పంపలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన పిమ్మట ఆ నీరే లంకలపైకి వచ్చి, త్రోవలు మునిగి పడవలే గతియైనవి. అట్టి వారములలో బీపీ బిళ్ళ తప్పినవాని పేరు ఏ తెరమీదను మెరయదు. వరదకు ముందు, జూలై మాసాంతమునకే, లంకవాసులైన ఎఱ్ఱరంగువారందఱికి రెండునెలల బిళ్ళలు అందవలెనని యాప్‌లో ఒక నియమము చేర్చుటకు ప్రోగ్రామరునకు ఒకపూట చాలును. ఆ బిళ్ళలను ముందుగా కొని, పెట్టెలలో కట్టి, ఆకివీడు వైపునుండియో కైకలూరు వైపునుండియో పడవకెక్కించుటకు మాత్రము ఏలూరులో ఒక అధికారి సంతకము చేయవలెను.